మీటరుకొక ఇనుప క్లిప్పు

పొగతోటలో కొత్త ఆస్పత్రి, మూడో అంతస్తు.
నిచ్చెన మీద నేను,
నిచ్చెన కాళ్ళు పట్టుకుని పెంచల్రావు.
"ఇంకా ఎన్నన్నా?" అంటాడు.
కారిడారంతా ఉందిరా ఇంకా.

నిన్న ఓనరు డాక్టరొచ్చాడు,
బిల్లు మీద వేలు పెట్టి,
"ప్లాస్టిక్ పట్టీలుండంగా మళ్ళీ ఈ ఇనపయి ఎందుకబ్బయా,
సీలింగు మూసినాక ఎవురు చూస్తారు?"

ఎవరూ చూడరు సార్.
ఒక్కడు.
వాడూ చూడడు, పొగలో వాడికి కళ్ళుండవు.
భుజాలతో తెలుసుకుంటాడు,
వీపు మీది గాలి సిలిండరుతో తెలుసుకుంటాడు.

ఇదంతా ఆయనకు చెప్పలేదు.
నా కూలీలో తగ్గించుకోండి సార్ అన్నాను.

స్టోన్‌హౌస్‌పేటలో పరుపుల గోడౌను కాలినప్పుడు
అందులో వైరింగు నాదే.
నాకు పేరు తెచ్చిన పని.
దారం కొట్టినట్టు గీత,
తెల్లటి ప్లాస్టిక్‌లో పదహారు తీగలు
ఒకదాని మీదొకటి ఎక్కకుండా, దువ్విన జడలా.

మంట వాటిని ముట్టనే లేదు.
మంట ఆ మూలే ఉంది.
వేడి మాత్రం కప్పు కింద పాక్కుంటూ ఈ మూలకొచ్చింది.
నా ప్లాస్టిక్ ముందు మెత్తబడింది,
తర్వాత ఊరికే
చెయ్యి వదిలేసింది.

పురికొస కుళ్ళి పందిరి జారితే
కాకరపాదుదా తప్పు?

మెయిన్ ముందే ఆపేశారు.
కరెంటు పోయాక కూడా
తీగకు ఒక పని మిగిలుంటుందని
నాకెవరూ చెప్పలేదు.
ఐటీఐలో రెండేళ్ళు, నిచ్చెన మీద పదిహేడేళ్ళు,
షాకు గురించి చెప్పారు, లోడు గురించి చెప్పారు,
రాలడం గురించి చెప్పలేదు.

పదకొండు రోజులకి షాపుకొచ్చాడు మాల్యాద్రి,
ఫైరాఫీసు మనిషి, కందుకూరు వైపు.
గొంతు ఇంకా పొగ పట్టే ఉంది.
సంచిలోంచి మూరెడు తీగ తీసి
కౌంటరు మీద పెట్టాడు.
"నీదేనా?"
నాదే.
తిడతాడనుకున్నా.
"పడుకో" అన్నాడు.

ఫ్యాన్ల అట్టపెట్టెల మధ్య, నేల మీద.
నా చుట్టలే నా చేత విప్పించి
నా మీద గుట్టగా వదిలాడు.
ఖాళీ సిలిండరు వీపుకి కట్టి
కళ్ళకి నా తువ్వాలే చుట్టి
"పాకు. వాకిలి పదడుగులే" అన్నాడు.

పదడుగులు.
ముందుకు తోసుకుంటే బిగిసింది.
వెనక్కి జరిగితే ఇంకా బిగిసింది.
మైపాడు వలలో చేప ఎందుకు వెనక్కి రాదో
నలభై రెండేళ్ళకి తెలిసింది.
కటింగ్ ప్లేయరు నడుముకే ఉంది.
చెయ్యి నడుము దాకా పోలేదు.

టీ తెచ్చిన సలీమా గుమ్మంలో నిలబడి నవ్వింది,
ఈ వయసులో ఏం ఆటలని.
అతను నవ్వలేదు.
నిమిషాలు లెక్కపెడుతున్నాడు, వేళ్ళు మడుస్తూ.

తర్వాత తనే వంగి ఒక్కో చుట్టూ విప్పాడు.
"ఎనకాల వొచ్చిన పిల్లోడు కత్తిరించబట్టి నేనుండా.
నీ మీద కోపం లేదులే జిలానీ.
ఈసారి నిచ్చెనెక్కినప్పుడు
కింద నేనుండాననుకో."

డ్రిల్లు. సున్నం కళ్ళలో పడుతోంది.
ప్లాస్టిక్ గట్టా కాదు, ఇనుప యాంకరే.
అది కాలి జారితే క్లిప్పు ఇనుమైనా ఒకటే.
టక్.
నిచ్చెన జరుపు.
టక్.

"ఊడదా అన్నా?"
లాగి చూడు.
తీగల కట్టని రెండు చేతులా పట్టుకుని
కాళ్ళు పైకి మడిచి వేలాడాడు పెంచల్రావు,
గబ్బిలంలా, పళ్ళన్నీ బయటపెట్టి.
నేను మాత్రం వాణ్ణి చూడలేదు,
క్లిప్పునే చూస్తున్నా.

చాల్లే దిగు.
పొద్దున్నే సీలింగు వాళ్ళొస్తారు,
పెట్టెలో పద్నాలుగే ఉన్నాయి.
ట్రంకురోడ్డు షాపు తొమ్మిదికి మూసేస్తాడు.
బండి తియ్యరా.